సావిట్లో ట్రాక్టరు

కోనసీమను గురించి వ్రాసేవారు చాలామంది కొబ్బరిచెట్ల నీడ దగ్గరే ఆగిపోతారు. వేదపాఠాలు, పూతరేకులు, గోదావరి మీద పడవ ప్రయాణాలు అయ్యేసరికి కాగితం నిండిపోతుంది. ఆ నీడకు ఆవల, మోకాటిలోతు బురదలో నలిగిన ఇనుము చరిత్ర ఒకటున్నది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల రైతులు పాత చిన్న ట్రాక్టరును ఇంటి దగ్గరే బాగుచేసుకుంటూ బ్రతికించుకున్న తీరు అది. నాకు తెలిసినంతవరకు దానిని ఇక్కడ వ్రాసి ఉంచదలచాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి నగరం దీవికి కూడా నీరు వచ్చింది. నీరు వచ్చిన చోట వరి, వరి ఉన్న చోట దమ్ము. నీరు నిలిపిన చేనును నాటుకు ముందు మెత్తని బురదగా కలపడమే దమ్ము. నూరేళ్ళకు పైగా ఆ పని ఎడ్లదే. నాగలి విరిగితే వడ్రంగి, కర్రు అరిగితే కమ్మరి. వారికి ఏడాదికింత ధాన్యం మేరగా ముట్టేది. సేద్యపు పనిముట్టు ఎంత ముఖ్యమో, దానిని బాగుచేసే మనిషి కేకవేస్తే పలికే దూరంలో ఉండడం కూడా అంతే ముఖ్యమన్నమాట.

ట్రాక్టరు ఈ ఏర్పాటును తలక్రిందులు చేసింది. 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాదులో ఐషర్ సంస్థ మనదేశంలో తయారైన తొలి ట్రాక్టరును బయటికి తెచ్చింది. 1961-62లో దేశం మొత్తం మీద తయారైనవి 880 మాత్రమే. 1967లో బెంగుళూరులో మిత్సుబిషి సహకారంతో వి.ఎస్.టి. సంస్థ ఏర్పడి పవర్ టిల్లర్లు చేసింది. తరువాత అదే మిత్సుబిషి పేరుతో పద్దెనిమిది అశ్వశక్తి పైచిలుకు చిన్న ట్రాక్టరునూ తెచ్చింది. 1971లో హెచ్.ఎం.టి. చెకోస్లవేకియా సాయంతో పింజోరులో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. పాతిక అశ్వశక్తి బండ్లు చిన్న రైతుకు అందుబాటులోకి వచ్చింది ఈ దారినే. డెల్టా నేలకు ఇవే తగినవి. బరువైన బండి మెత్తని చేలో దిగబడుతుంది. చిన్న మడిలో తిరగలేదు, కొబ్బరి వరసల మధ్య దూరలేదు.

అయితే వీటిని చేసేవాడు ఫరీదాబాదులోనో పింజోరులోనో ఉన్నాడు. వాడాల్సినవాడేమో ఏటిపాయలకూ సముద్రానికీ నడుమ, దీవి వంటి సీమలో ఉన్నాడు. రావులపాలెం వైపు రహదారి వంతెనలు ఉన్నా అది చుట్టుదారి. రాజోలువైపువారు నరసాపురం పోవాలంటే సఖినేటిపల్లి రేవులో, ముక్తేశ్వరంవైపువారు కాకినాడ పోవాలంటే గౌతమి దాటి కోటిపల్లికి, పంటు ఎక్కవలసిందే. ఆవలిగట్టున కోటిపల్లి దాకా 1928లో వేసిన రైలు పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పీకివేశారు. మళ్ళీ 2004లో గాని ఆ దారిన రైలు నడవలేదు. యానాం, ఎదురులంకల నడుమ వంతెన 2002లో వచ్చింది. నాట్ల వేళ ఒక ఆయిల్ సీలు కోసం రేవులో పంటుకై ఎదురుచూస్తే, ఆ పూట కూలీలు వెనక్కి పోతారు, కాలువ వంతు దాటిపోతుంది. అందుకే విడిభాగాలు దాచుకోవడం, నట్లు విప్పడం నేర్చుకోవడం కోనసీమ రైతుకు సరదా కాలేదు, సేద్యంలో భాగమైంది.

ఎడ్లు కట్టిన సావిడిలోనే ఇప్పుడు మా పాత బండి ఉంటుంది. ఒకే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను. రేడియేటరు లేదు కనుక నీళ్ళు పోసే పని లేదు. కాని సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల నడుమ బురదా పొట్టూ పేరుకుంటే గాలి ఆడక ఇంజను కాగిపోతుంది. పుల్లతో గీకి శుభ్రం చేయాలి. గాలి వడకట్టే గిన్నెలో నూనె గీతవరకే ఉండాలి. డీజిలు పైపులో గాలి చేరితే ఇంజను అందుకోదు. దానినే మావైపు “ఎయిరు పట్టింది” అంటారు. ఫిల్టరు మీది మర కొద్దిగా వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ, బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చేదాకా ఉండి మర బిగిస్తే సరిపోతుంది.

అసలు శత్రువు దమ్ము. దమ్ము చక్రాలు బిగించిన బండికి వెనక ఇరుసు దాకా నీరు వస్తుంది. గడ్డి ఇరుసుకు చుట్టుకొని సీలును కోసేస్తుంది. నీరు లోపలికి పోతే గేరు నూనె పాలలా తెల్లబడుతుంది. ఆ రంగు చూసిన రోజే నూనె దింపి, కడిగి, సీలు మార్చినవాడికి ఖర్చు కొద్దిపాటిది. పంట కోసుకున్నాక చూద్దాములే అన్నవాడికి బేరింగులు, గేర్లు పోతాయి. దమ్ము ముగిసిన సాయంత్రం గ్రీజు ఎక్కించేటప్పుడు, బురద కలిసిన పాత గ్రీజు పూర్తిగా బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టడం కూడా ఇటువంటి జాగ్రత్తే.

వరద మరొక గురువు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6 తుఫాను కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. మునిగిన ట్రాక్టరు విషయంలో మొదటి సూత్రం ఒక్కటే: ఎంత తొందర ఉన్నా స్టార్టు చేయకూడదు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేము. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నాజిల్ విప్పి, ఇంజనును చేత్తో తిప్పి నీరు వెళ్ళగొట్టాలి. అన్ని చోట్లా నూనె దింపి కొత్తది పోయాలి. డీజిలు ట్యాంకు కడగాలి. డైనమోను, స్టార్టరును విప్పి ఆరబెట్టాలి. ఉప్పునీరు తగిలిన బండినైతే అన్నిటికన్నా ముందు మంచినీళ్ళతో కడగాలి.

ఈ విద్య విలువ కంపెనీలు పోయాక మరింత తెలిసింది. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో టాఫే చేతికి పోయింది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రప్రభుత్వం నిర్ణయించింది. చేసినవాడు తప్పుకున్నా బండి మాత్రం చేలోనే ఉన్నది. దానిని నిలబెట్టినవారు లేత్ షాపులో బుష్షు తిప్పి ఇచ్చిన పనివారు, సావిట్లో గోనెసంచి పరచుకొని కూర్చున్న రైతులు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉన్నది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ముంపు, పెరిగిన కూలి, గిట్టుబాటు కాని ధర వారు చెప్పిన కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. 2022లో మళ్ళీ అదే మాట వినిపించింది. అటువంటి సేద్యంలో మూడెకరాల రైతు కొత్త ట్రాక్టరు వాయిదాలు కట్టలేడు. అప్పు తీరిపోయిన పాత బండి నడిచినంతకాలమే అతడు గంటకింత అద్దె ఇచ్చుకోకుండా దమ్ము చేసుకోగలడు. మరమ్మతు తెలియడమంటే అతనికి కొంత స్వతంత్రం మిగలడమే.

ఆ స్వతంత్రం కోసం ఇతర దేశాల రైతులు ఈనాడు పోరాడుతున్నారు. సొంత ట్రాక్టరును తామే బాగుచేసుకునే హక్కు కోసం అమెరికా రైతులు పట్టుబట్టగా, 2023 జనవరిలో జాన్ డీర్ సంస్థ అక్కడి రైతు సమాఖ్యతో ఒప్పందం చేసుకుంది. 2022లో మన కేంద్రప్రభుత్వం ఈ హక్కుపై వేసిన కమిటీ పరిధిలోనూ వ్యవసాయ యంత్రాలున్నాయి. ఆ పేరేదీ పుట్టకముందే కోనసీమ సావిళ్ళలో ఆ హక్కు అమలులో ఉన్నది.

హక్కు కాగితం మీదికి వచ్చే వేళకు విద్య చేతుల్లోంచి జారిపోతున్నదేమోనని నా భయం. చేలు కౌలుకు పోతున్నాయి, పిల్లలు నగరాలకు పోతున్నారు. ఈ విద్యకు తెలుగులో పుస్తకం నా కంటబడలేదు. ఉన్నదంతా నోటి మాట. మన భాషలో నిఘంటువుకెక్కని మాటలు కవుల దగ్గరే కాదు, గ్రీజు అంటిన చేతుల దగ్గర కూడా చాలా ఉన్నాయి. మీ ఊళ్ళో దమ్ము చేసిన పెద్దవారెవరైనా ఉంటే, వారు పాత బండి చుట్టూ తిరుగుతూ ఏ భాగాన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి వ్రాసిపెట్టండి.