వార్ధక్యము, వైద్యము, భీమా

గత సంక్రాంతికి మా అన్నదమ్ములము, చెల్లెలు, అందఱము పల్లెలో మా తల్లి యొద్ద కూడితిమి. కనుమ నాటి రాత్రి భోజనములైన పిమ్మట మా తమ్ముడొక కాగితము తెచ్చి నా ముందు పెట్టెను. అమ్మ పేర నున్న ఆరోగ్య భీమా పాలసీకి గడువు తీఱుచున్నదనియు, రాబోవు సంవత్సరమునకు ప్రీమియము ఇంత యనియు అందున్నది. ఆమెకిప్పుడు 76 ఏండ్లు. ఆమె 58వ యేట మా నాయనగారు ఆ పాలసీ తీసినపుడు ఏడాదికి 6 వేల రూపాయలైనను కాలేదు. ఇప్పుడది 40 వేలు దాటినది. ఈ 18 ఏండ్లలో ఆమె ఆసుపత్రిలో ఉండినది ఒక్కసారియే. అదియు మూడు రాత్రులు.

"ఇన్నేండ్లు కట్టినది ఏటిలో కలిసినది. 70 దాటినవారికి ప్రభుత్వమే కార్డు ఇచ్చుచుండగా ఇంక నిదేల?" అని తమ్ముని వాదము. చెల్లెలు ఒప్పుకొనలేదు. అమ్మ మాత్రము, "నా ఒంటికింత ఖర్చేమిటి నాయనా, ఆ డబ్బేదో పిల్ల ఫీజుకు కట్టండి" అని లేచి లోపలికి పోయినది. పెద్దవాడనగుటచే నిర్ణయము నాపై పడినది. గడువునకింకను నెల దినములున్నవి గాన అంతవఱకు ఆగుమంటిని.

శ్రోతలారా, నేను బడిలో చరిత్ర పాఠములు చెప్పి బ్రదికినవాడను. ఏదైన చిక్కు వచ్చినచో ఇది మనకంటె ముందు ఎవరికి వచ్చినది, వారేమి చేసిరి అని వెదకుట నాకలవాటు. ఆ నెలలో నేను చదివి తెలిసికొనినదే నేడు మీకు మనవి చేయబూనితిని.

మన పెద్దల కాలములో భీమా యనగా ప్రాణభీమాయే. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని మచిలీపట్టణమున స్థాపించిరి. ఆయన స్వయముగా వైద్యము చదివి ఆ పట్టణముననే రోగులను చూచినవారు. అయినను ఆయన కంపెనీ ప్రసిద్ధికెక్కినది ప్రాణభీమాతోనే. ఇందు వింత లేదు. మరణము మనిషికి ఒక్కసారి వచ్చును. ఏ వయస్సువారిలో ఎందఱు పోవుదురో లెక్కలు కట్టి పట్టికలు వ్రాయవచ్చును. రోగమట్లు కాదు. అది పోయి మఱల వచ్చును, వచ్చి పోక నిలిచియు ఉండును. ముదిమిలో నిలిచియుండుటయే దాని స్వభావము.

ఈ సంగతి ఇంగ్లాండులోని కూలివారికి మొదట తెలిసివచ్చినది. పందొమ్మిదవ శతాబ్దములో వారు మిత్రసంఘములు పెట్టుకొని వారము వారము కొన్ని పెన్నీలు వేసికొనెడివారు. జబ్బుపడి పనికి పోలేనివానికి సంఘము భృతి ఇచ్చెడిది. సంఘము పుట్టిననాడు సభ్యులందఱును పడుచువారు గాన సొమ్ము నిలువయుండెడిది. సంఘముతో పాటు సభ్యులును ముదిసిరి. ముసలివాని జబ్బు తగ్గదు; జబ్బుభృతి కాస్తయు మెల్లగా పింఛనుగా మాఱినది. ఇది చూచి కొత్త పడుచువారు పాత సంఘములో చేరక వేఱొకటి పెట్టుకొనజొచ్చిరి.

మన యూళ్లలో చెఱువు సంగతి తలచుకొనుడు. ఆయకట్టు రైతులందఱు తట్ట, పార పట్టినంతకాలము పూడిక తీయుట ఎవనికిని బరువు కాదు. నాలుగు నూతులు త్రవ్వుకొనినవారు "మాకీ చెఱువుతో పనిలేదు" అని తప్పుకొనగానే, ఆ పనియంతయు చివరి మడులవారి నెత్తిన పడును. భీమా చరిత్ర యంతయు ఈ చెఱువు కథయే.

1908లో చట్టము చేసి 1909 జనవరి 1 నుండి 70 దాటిన పేదలకు వారమునకు 5 షిల్లింగులు పింఛనిచ్చుటతో ఆ సంఘములకు కొంత ఊపిరి వచ్చినది. 1911 నాటి జాతీయ భీమా చట్టము పనిచేయు కూలివానికి వైద్యుని చూపించినది గాని, ఇంటనున్న అతని ముసలితల్లిని పట్టించుకొనలేదు. 1948 జూలై 5న ఆ దేశములో అందఱికిని ఉచిత వైద్యసేవ మొదలైనది. అంతటితో అక్కడి కొడుకులకు మా వంటి పంచాయతి చాలవఱకు తప్పినది.

అమెరికా కథ వేఱు. మనకు దగ్గఱిదియు అదియే. 1929లో టెక్సాసు రాష్ట్రములోని డల్లాసు నగరమున బేలరు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బాకీలు పేరుకొనిపోయినవి. అక్కడి అధికారి జస్టిన్ కింబల్ పూర్వము పాఠశాలల పర్యవేక్షకుడు. బాకీదారులలో ఉపాధ్యాయులనేకులుండుట చూచి ఆయన ఒక యుపాయము పన్నెను: నెలకు 50 సెంట్లు కట్టిన ఉపాధ్యాయునకు ఏడాదిలో 21 దినముల ఆసుపత్రి బస ఉచితము. వేయిమందికి పైగా చేరిరి. నాతోటి బడిపంతుళ్లతో మొదలైన పని యని చదివినపుడు నాకు ముచ్చట కలిగినదని ఒప్పుకొందును. ఇదియే పెరిగి బ్లూ క్రాస్ అను పేర దేశమంతటను వ్యాపించినది. దాని ధర్మమొక్కటే: ఒక ప్రాంతములో పడుచువానికిని, ముసలివానికిని ఒకే రేటు.

తరువాత లాభాపేక్ష గల కంపెనీలు వచ్చినవి. అవి ఫ్యాక్టరీలకు పోయి, "మీ పనివారందఱు ఆరోగ్యవంతులు, మీకు తక్కువకే ఇత్తుము" అనెను. పడుచువారు అటు పోయిరి. బ్లూ క్రాసులో మిగిలినవారి సగటు వయస్సు పెరిగినది, రేటు పెరిగినది. రేటు పెరిగినకొలది ఇంక కొందఱు పోయిరి. కడకు అదియు తన ధర్మమును సడలించుకొనవలసి వచ్చినది. పనిలోనున్నంతకాలము భీమా ఉండును. పని మానిన దినముననే అదియు పోవును. 1960 ప్రాంతమునకు ఆ ధనిక దేశములో 65 దాటినవారిలో సుమారు సగము మందికి ఆసుపత్రి భీమా లేకుండెను.

అధ్యక్షుడు ట్రూమన్ 1945లోనే జాతీయ ఆరోగ్య భీమా కావలెనని కోరియుండెను. వైద్యసంఘమువారు గట్టిగా ఎదిరించుటచే అది సాగలేదు. 1960లో, పేదలమని ఋజువు చేసికొనిన వృద్ధులకు మాత్రము సాయము చేయు చట్టమొకటి వచ్చినది. పెక్కుమంది వృద్ధులకది అభిమానభంగముగా తోచినది. తుదకు 1965 జూలై 30న జాన్సను అధ్యక్షుడు మిస్సోరి రాష్ట్రములోని ఇండిపెండెన్సు అను ట్రూమను స్వగ్రామమునకు పోయి, అతని యెదుటనే మెడికేరు చట్టముపై సంతకము చేసి, మొదటి కార్డు అతనికే ఇచ్చెను. ట్రూమనుకప్పుడు 81 ఏండ్లు. తాను అడిగిన ఇరువది యేండ్లకు దక్కినది. అదియు వృద్ధులకు మాత్రమే దక్కినది.

అంతటితో వృద్ధులు సొంత పాలసీలు విడిచిరా? విడువలేదు. ఇక్కడనే నా తమ్ముని వాదమునకు నాకు జవాబు దొరకినది. మెడికేరు వైద్యఖర్చంతయు ఇచ్చునది కాదు; కొంత భాగము రోగి భరింపవలెను. ఆ ఖాళీలు పూడ్చుటకై ప్రత్యేకముగా పాలసీలు పుట్టినవి. వృద్ధుల భయమును సొమ్ము చేసికొనుటకు కొందఱు ఏజెంట్లు ఒకే మనిషికి రెండు మూడు పాలసీలు కూడ అంటగట్టిరి. 1990లో చట్టము చేసి ఆ మోసమును నిషేధించి, 1992 నుండి అట్టి పాలసీలను పది నమూనాలకు కుదించిరి. కావున "ప్రభుత్వ కార్డు వచ్చినది, సొంతది ఏల?" యను ప్రశ్న పాతదే. ప్రభుత్వ కార్డు దేనిని విడిచిపెట్టుచున్నదో చూచి, ఆ మేరకే సొంతది ఉంచుకొనుట అక్కడివారి అనుభవము.

ఇక మన దేశము. 1973 జనవరి 1న 107 సాధారణ భీమా సంస్థలను ప్రభుత్వము నాలుగు కంపెనీలుగా కలిపినది. ఆ నాలుగు కంపెనీలు 1986లో మెడిక్లెయిమ్ అను ఆరోగ్య పాలసీని తెచ్చినవి. కొంత వయస్సు దాటినవారిని చేర్చుకొనరు. పాలసీకి ముందునుండి ఉన్న జబ్బునకు ఇయ్యరు. ఏటేట పొడిగించుట కంపెనీ దయగా ఉండెడిది. అట్టి పొడిగింపును కారణము లేక నిరాకరించుట ప్రభుత్వ కంపెనీకి తగదని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. హైదరాబాదున కార్యస్థానము గల భీమా నియంత్రణ సంస్థ 2011 అక్టోబరు నుండి, పాత యేండ్ల లెక్క పోకుండ ఒక కంపెనీనుండి మఱియొక కంపెనీకి మాఱు వీలు కల్పించినది. 2013లో, ప్రీమియము కట్టుచున్నంతకాలము జీవితాంతము పొడిగింపవలెనని నియమము చేసినది. 2024 ఏప్రిల్ నుండి వయస్సు పేర కొత్త పాలసీకి తలుపు మూయరాదనియు, పూర్వపు జబ్బులకు నిరీక్షణకాలము 3 ఏండ్లకు మించరాదనియు, ఎడతెగక 5 ఏండ్లు కట్టినవాని క్లెయిమును, మోసము ఋజువైన పక్షమున తప్ప, పాత సంగతులు దాచితివని త్రోసిపుచ్చరాదనియు నిర్ణయించినది. 2025 జనవరిలో, తన్ను సంప్రదింపక వృద్ధుల ప్రీమియము ఏడాదికి 10 శాతమునకు మించి పెంచరాదనెను. అదే సంవత్సరము సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై నుండిన 18 శాతము పన్నును ప్రభుత్వము తీసివేసినది.

ఇవి చదువుచుండగా అమ్మ పాలసీ విలువ ఎక్కడనున్నదో నాకు తెలిసినది. ఆ 18 ఏండ్లు ఏటిలో కలియలేదు. నిరీక్షణకాలములన్నియు ఆమె దాటినది. ఆమె రక్తపుపోటునకు, చక్కెరజబ్బునకు సంబంధించిన ఖర్చుపై ఇప్పుడెవరును అడ్డు చెప్పరాదు. ఒకసారి విడిచి 77వ యేట మఱల కావలెనన్నచో తలుపు తెఱచియే ఉండును. కాని పరీక్షలు మొదటికి వచ్చును, మూడేండ్ల నిరీక్షణ మొదటికి వచ్చును. ఆ వయస్సులో మూడేండ్లనగా ఎంత కాలమో మీకు నేను చెప్పనక్కఱలేదు.

అట్లని తమ్ముని మాట త్రోసివేయదగినది కాదు. వయస్సుతో, ఆదాయముతో నిమిత్తము లేక అందఱికి వైద్యమిచ్చు ఆలోచన మన దేశములో మెల్లగా పెరిగినది. 2007 ఏప్రిల్ 1న మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల పాతజబ్బులను సైతము తొలిదినమునుండి అంగీకరించినది. 2024 అక్టోబరు 29న కేంద్రప్రభుత్వము 70 దాటినవారందఱికి, ఆదాయము చూడక, కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వఱకు ఆసుపత్రి వైద్యమిచ్చు పథకమారంభించినది. ఒక ఇంట అట్టివారిద్దఱున్నచో ఆ 5 లక్షలు ఇద్దఱికిని కలిపియే. సొంత పాలసీ ఉన్నవారును ఈ కార్డు పొందవచ్చును. నిరీక్షణ లేదు, ప్రీమియము లేదు. ఇంత మంచి దానిని తీసికొనకుండుట తెలివితక్కువ. అయితే పథకములో చేరిన ఆసుపత్రులలోనే అది చెల్లును. ఆసుపత్రిలో చేర్చుకొనని రోగికి, దినదినము మ్రింగు మాత్రలకు అది వర్తింపదు.

కాగితములు కట్టిపెట్టి బస్సెక్కితిని. మా పల్లెకు సమీపములోని పట్టణములో మూడు ఆసుపత్రులకు పోయి విచారించితిని. ఒకటి ప్రభుత్వ పథకములో నున్నది, కన్ను, మోకాలు అక్కడ చేయుదురు. అమ్మ గుండెను పదేండ్లుగా చూచుచున్న వైద్యుడున్న ఆసుపత్రి ఆ పట్టికలో లేదు. మా పాలసీ పట్టికలో నున్నది. మూడవదానిలో రెండును చెల్లవు. తరువాత పాలసీ షరతులు చదివితిని. బిల్లులో అయిదవ వంతు మేమే ఇచ్చుకొనవలెనను షరతు చిన్న అక్షరములలో నున్నది. ఇన్నేండ్లలో మాలో ఎవ్వరమును దానిని చదువలేదు.

అందఱికి ఒకే సలహా చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. ప్రీమియమునకై అప్పు తేవలసిన ఇంటివారు కార్డు చేయించుకొని, ఆ సొమ్మును మందులకు, ఆసుపత్రి ప్రయాణములకు వేఱుగా ఉంచుకొనుటయే మేలని నా తలంపు. మా ముగ్గురికి ఆ యిబ్బంది లేదు. పంచుకొన్నచో తలకు 14 వేల లోపు. గడువునకు వారము దినములు ముందుగా కట్టితిమి. వచ్చే యేడు కాగితము వచ్చినపుడు మఱల కూర్చుండి లెక్కచూడవలెనని తమ్ముడు షరతు పెట్టెను, అది న్యాయమే.

ప్రభుత్వ కార్డునకై అమ్మను మీ-సేవకు తీసికొనిపోయినది తమ్ముడే. ఆమె వ్రేలిముద్రలు అరిగిపోయి యంత్రము పట్టలేదు. ముఖము చూపి పని జరుపుకొనిరి. ఇంటికి వచ్చి ఆమె రెండు కాగితములను మా నాయనగారి కళ్లజోడు పెట్టెతో కలిపి దాచినది. ఏ జబ్బునకు ఏ ఆసుపత్రికి పోవలెనో నేను పెద్ద అక్షరములతో వ్రాసి తలుపు వెనుక క్యాలెండరు ప్రక్కన అంటించితిని.