పేరు చెబితే చాలదు

టెలిఫోన్ డైరెక్టరీకి కూడా చరిత్ర ఉంటుందా, పేర్లూ నెంబర్లూ తప్ప అందులో ఏముందని మీరు నవ్వొచ్చు. నాకు మాత్రం రాజుల యుద్ధాలకంటే ఆ కథే ఇష్టం. అందులో కిరీటాలు లేవు గానీ, ఆడవాళ్ళున్నారు.

అమెరికాలో న్యూ హేవెన్ అని ఒక ఊరు. 1878 జనవరి 28న అక్కడ జార్జ్ కోయ్ అనే ఆయన చందా కట్టిన వాళ్ళందరికీ పనికొచ్చే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి తెరిచాడు. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 21న, చందాదారుల పట్టిక అచ్చయింది. పుస్తకం కాదు, ఒకే ఒక్క అట్ట. అందులో 50 పేర్లు. చిత్రమేమిటంటే ఏ పేరు పక్కనా నెంబరు లేదు! ఫోనెత్తి ‘ఫలానా వారికి కలపండి’ అంటే ఎక్స్‌ఛేంజిలో వాళ్ళు కలిపేవారు.

ఆ నవంబరుకల్లా పేర్లు 391 అయ్యాయి, అట్ట కాస్తా పుస్తకమైంది. అసలు ముచ్చట ఇక్కడుంది. పేర్లతో పాటు ఫోను వాడే పద్ధతి కూడా అందులో రాశారు. మొదట హలో అనాలి, మాట పూర్తయ్యాక అయిపోయిందని చెప్పాలి, ఒకసారికి మూడు నిమిషాలు మించకూడదు, అనుమతి లేకుండా గంటకు రెండుసార్లకంటే ఎక్కువ మాట్లాడకూడదు. (మూడు నిమిషాల్లో పుట్టింటి కబుర్లేం తెలుస్తాయి చెప్పండి!) ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఫోను మొహమెరగని జనానికి అదెలా వాడాలో రాసి ఇవ్వకపోతే అది గోడకు వేలాడే కొయ్యపెట్టెగానే ఉండిపోయేది.

ఆ ఏడాదే సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ ఉద్యోగంలో చేరింది. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. అంతకుముందు ఆ పని కుర్రాళ్ళు చేసేవారు. వాళ్ళ పెడసరం మాటలతో విసిగిపోయిన జనానికి ఆవిడ నెమ్మదైన గొంతు హాయిగా తోచింది. క్రమంగా ఆ కుర్చీలన్నీ ఆడవాళ్ళవే అయ్యాయి.

ఎవరి తీగ ఎక్కడుందో ఆపరేటర్లకు కంఠతా వచ్చు. బాగానే ఉంది, వాళ్ళకు జ్వరమొస్తే? 1879లో లోవెల్ అనే ఊళ్ళో పొంగు వ్యాపించింది. అక్కడి డాక్టరు మోజెస్ గ్రీలీ పార్కర్‌కు ఈ భయమే పట్టుకుంది. ఆపరేటర్లు నలుగురూ ఒక్కసారి మంచమెక్కితే కొత్తగా వచ్చేవాళ్ళకు 200కు పైగా పేర్లు ఎవరు నేర్పుతారు? అందుకని ఒక్కొక్కరికీ ఒక నెంబరివ్వమని సలహా ఇచ్చాడు. మనిషి తలలో ఉన్నదాన్ని, రేపొచ్చే కొత్తమనిషికి అందేలా కాగితం మీద పెట్టడమన్నమాట. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజిలు 1882లో, అదీ జనవరి 28వ తేదీనే మొదలయ్యాయి.

మరో తొంభై ఏళ్ళకు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నేర్చాయి. ఆ వలకు ఆర్పానెట్ అని పేరు. ఏ కంప్యూటరు ఎక్కడుంది, ఎవరినడగాలి అన్న వివరాలు చూసే పని 1972లో కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్‌లర్ చేతికొచ్చింది. 1989 దాకా ఆ సమాచార కేంద్రం ఆవిడ చలవే. కొత్త కంప్యూటరుకు పేరు పెట్టాలంటే పెద్ద పెద్ద సంస్థలవాళ్ళయినా ఆఫీసు వేళల్లో ఆవిడ బృందానికే ఫోను చెయ్యాలి! ‘హూ ఈజ్’ అని పేరు కొడితే ఆ మనిషి చిరునామా, ఫోను నెంబరు చెప్పే పద్ధతికి 1982లో వివరణ రాసింది ఆ కేంద్రంవాళ్ళే. పేరు సగమే తెలిస్తే ఎలా అడగాలో కూడా అందులో చెప్పారు.

ఇక ఇప్పటి సంగతి. ఏఐ ఏజెంటుతో ‘లక్ష్మికి ఈ రిపోర్టు పంపు’ అంటే అదే పంపేస్తుంది. నెంబరు వెతకడానికి దానికొక పరికరం ఇస్తారు. ఆ పరికరం ఏం చేస్తుందో, దానికి ఏమివ్వాలో నాలుగు మాటల్లో రాసిపెడతారు. ఇలా రాసి అందించడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఒక ఉమ్మడి పద్ధతి కూడా ప్రకటించింది. పాపం, ఏజెంటు ఆ నాలుగు మాటలే చదువుకుని పనిలోకి దిగుతుంది. లోవెల్ ఎక్స్‌ఛేంజిలో మొదటిరోజు కూర్చున్న కొత్త ఆపరేటరే అనుకోండి.

‘నెంబరు ఇస్తుంది’ అని మాత్రం రాసి ఊరుకుంటే ఏమవుతుంది? మన ఫోనులో లక్ష్ములు ఎంతమంది! పనిమనిషి లక్ష్మి, బ్యాంకు లక్ష్మి, వియ్యపురాలు లక్ష్మి. అక్కకు పంపాల్సిన ఆస్పత్రి రిపోర్టు వియ్యపురాలికి పోతే ఇంకేమన్నా ఉందా! మనకు ఇంటిపేరు ముందొస్తుంది, చాలా పరాయి దేశాల్లో చివరొస్తుంది. ఏది ముందివ్వాలో రాయకపోతే యంత్రం తికమకపడుతుంది. ఇద్దరు ముగ్గురు దొరికితే ఆగి యజమానురాలిని అడగాలనీ, ఎవరూ దొరక్కపోతే దొరకలేదనే చెప్పాలి గానీ ఊహించి చెప్పకూడదనీ అందులో స్పష్టంగా ఉండాలి.

కొత్తకోడలు ఎంత తెలివైందైనా డబ్బాల మీద చీటీలు లేకపోతే పాయసంలో ఉప్పు పడుతుంది. అప్పుడు కోడల్ని అనడం న్యాయం కాదు కదా! పరికరం చేసినవాళ్ళు చీటీ సరిగా రాయాలి. మనవంతు మనమూ చేద్దాం. తీరిక దొరికినప్పుడు ఫోను తీసి, ఒట్టి ‘లక్ష్మి’ అని ఉన్నచోట ఏ లక్ష్మో, ఏ ఊరో చేర్చండి. మనకు తెలుసు కదా అంటారా? లోవెల్ ఆపరేటర్లకూ తెలుసు మరి!