మునిమాపు వేళకు ఒక గాజుకన్ను

జర్మనీలో వేటసామాన్ల దుకాణానికి వెళ్లి, రాత్రిపూట అడవిపందుల కోసం రైఫిల్ స్కోప్ కావాలని అడిగితే, కొన్ని దశాబ్దాలపాటు కౌంటరు వెనక మనిషి పెద్దగా ఆలోచించకుండా చెప్పిన కొలత ఒకటే: 8×56. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందువైపు లెన్స్ వెడల్పు 56 మిల్లీమీటర్లు. ముందు భాగం గంటలా ఉబ్బి, రైఫిల్ మీద కాస్త ఎబ్బెట్టుగా కూర్చునే వస్తువు. జూమ్ ఉండదు. అదే అమెరికాలో అడిగితే చేతిలో పెట్టేది 3-9×40. మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా తిప్పుకోవచ్చు, ముందు లెన్స్ 40 మిల్లీమీటర్లు, తేలిగ్గా సన్నగా ఉంటుంది. రెండు దేశాలవాళ్ల కళ్లూ ఒకటే, కాంతి నడిచే తీరూ ఒకటే. మరి వస్తువులు ఇంత వేరుగా ఎందుకున్నాయి?

జవాబు చాలావరకు చట్టంలో దొరుకుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింక వేట సూర్యోదయానికి అరగంట ముందు మొదలై, సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. ఆ అరగంటలో ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది. అక్కడివాళ్లు దానికి తగ్గ స్కోపులే తయారుచేసుకున్నారు. జర్మనీ కథ వేరు. 1952 నాటి సమాఖ్య వేట చట్టం ప్రకారం రాత్రి అంటే సూర్యుడు అస్తమించిన గంటన్నర తర్వాత నుంచి, ఉదయించడానికి గంటన్నర ముందు దాకా. ఆ సమయంలో జింకల్ని కొట్టకూడదు. అడవిపందిని కొట్టొచ్చు. అయితే చాలాకాలం దాకా టార్చి వెయ్యకూడదు, రాత్రిని పగలు చేసే ఎలక్ట్రానిక్ పరికరాలు వాడకూడదు అన్న నిబంధన ఉండేది. మిగిలిందల్లా వెన్నెల. అదృష్టం బాగుంటే నేలమీద మంచు.

అడవి అంచున, పొలం పక్కన, నిచ్చెన వేసి కట్టిన చెక్క అటక మీద ఆ వేటగాడు కూర్చుంటాడు. మన మొక్కజొన్న చేలల్లో వేసే మంచెకు అది దూరపు చుట్టం. పని కూడా చాలావరకు అదే, పందుల నుంచి పంట కాపాడటం. ఆ రోజుల్లో పౌర్ణమికి అటూ ఇటూ నాలుగైదు రాత్రులు తప్ప నెలంతా అతనికి సెలవే. ఎదురుగా వంద మీటర్ల దూరంలో ఒక నల్లటి ముద్ద కదులుతుంది. అది పంది అని తెలిస్తే సరిపోదు. పిల్లల్ని సాకుతున్న తల్లిని చంపడం అదే చట్టం కింద నేరం. గడ్డి మోకాలెత్తు ఉంటే పిల్లలు కనబడవు. కనబడేదల్లా పెద్దదాని వీపు. అది ఒంటరి మగదా, వెనకాల పిల్లలున్న ఆడదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఆ స్కోప్. గుండు తగలడం కోసం అనుకుంటాం గాని, వంద మీటర్లలో గుండు తగలడానికి నాలుగు రెట్లు చాలు. ఎనిమిది రెట్లు కావలసింది చూడటానికి, చూశాక చాలాసార్లు కొట్టకుండా ఊరుకోవడానికి.

ఇప్పుడు ఆ 56 సంగతి. 56ని 8తో భాగిస్తే 7 వస్తుంది. స్కోప్ వెనకనుంచి కంటికి చేరే వెలుగు కడ్డీ మందం అన్నమాట, 7 మిల్లీమీటర్లు. దీన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. చీకట్లో కుర్రవాడి కనుపాప విచ్చుకునేది కూడా దాదాపు అంతే. ముందు లెన్స్ ఇంకా పెద్దది పెట్టినా ఆ అదనపు వెలుగు కనుపాప చుట్టూ పడి వృథా అవుతుంది. నౌకాదళాల్లో రాత్రి కాపలాకు 7×50 దుర్భిణులు వాడటం వెనక ఉన్నదీ ఇదే లెక్క. ఇక్కడ ప్రకటనలు రాసేవాళ్లు ఎప్పుడూ దాటేసే విషయం ఒకటుంది. ఏ స్కోపూ దృశ్యాన్ని మామూలు కంటికి కనబడేదాని కన్నా ప్రకాశవంతంగా చూపించలేదు. పెద్దదిగా చూపిస్తూ, ఆ ప్రకాశాన్ని వీలైనంత తక్కువగా పోగొట్టడమే దాని పని. ‘వెలుగును పోగుచేసే గాజు’ అనే మాట వినసొంపుగా ఉంటుంది గాని, నమ్మి డబ్బు పెట్టకూడదు.

మొదట్లో ఆ పోగొట్టుకోవడమే చాలా ఎక్కువ. రైఫిల్ మీద దూరదర్శిని బిగించడం పందొమ్మిదో శతాబ్దపు పని. బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్‌సన్ అనే అధికారి రూపొందించిన దూరదర్శినిని విట్‌వర్త్ రైఫిల్ పక్కన బిగించి, 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాళ్లు వాడారు. 1880లో ఆస్ట్రియాకు చెందిన ఆగస్ట్ ఫీడ్లర్ అనే అటవీ అధికారి వేటకు పనికొచ్చే స్కోప్ చేశాడంటారు. 1898లో వియన్నాలో కాలెస్ కంపెనీ మొదలైంది. ఇవన్నీ పగటి వస్తువులే. గాజు ఉపరితలం ఒక్కోదాని దగ్గర నూటికి నాలుగైదు పాళ్ల వెలుగు వెనక్కి తుళ్లిపోతుంది. స్కోప్ లోపల అలాంటి ఉపరితలాలు పది ఉన్నాయనుకుంటే, వచ్చిన వెలుగులో మూడో వంతుకు పైగా మధ్యలోనే పోతుంది. పోయింది పోయినట్టు ఉండదు కూడా. లోపల అటూ ఇటూ కొట్టుకుని, దృశ్యం మీద పల్చటి పాలపొరలా పరుచుకుంటుంది. పందికీ నీడకీ మధ్య ఉన్న కొద్దిపాటి తేడా ఆ పాలల్లో కలిసిపోతుంది.

ఇందుకు విరుగుడు దొరికిన తీరు నాకు భలే ఇష్టం. 1886లో లార్డ్ రేలీ గమనించాడు: పాతబడి, మసకబారిన గాజు, కొత్త గాజు కన్నా ఎక్కువ వెలుగును లోపలికి పోనిస్తోంది. తర్వాత 1890లలో ఇంగ్లండులో లెన్సులు తయారుచేసే డెన్నిస్ టేలర్ కూడా అదే చూశాడు. వాతావరణానికి రంగు మారిన లెన్స్, తళతళలాడే కొత్త లెన్స్ కన్నా మెరుగ్గా పనిచేస్తోంది. జనం మచ్చ అనుకుని తుడిచేసేది నిజానికి మేలు చేసే పొర. రసాయనాలతో గాజును కావాలని ముసలిదాన్ని చెయ్యడానికి టేలర్ ప్రయత్నించాడు కూడా. ఫలితం ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాలేదు.

అది నికరంగా చేతికొచ్చింది 1935లో, జెనా పట్టణంలోని జైస్ కంపెనీలో. అక్కడ పనిచేసే అలెగ్జాండర్ స్మకులా ఉక్రెయిన్ పల్లెలో పుట్టినవాడు. గాజును శూన్యంలో ఉంచి, కాంతి తరంగంలో నాలుగో వంతు మందాన ఒక లవణాన్ని ఆవిరిగా చేసి దానిమీద పట్టించాడు. పొర పైనుంచి తుళ్లిన వెలుగూ, కిందనుంచి తుళ్లిన వెలుగూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. చెరిగిపోయిన ఆ వెలుగు ఎక్కడికీ పోదు, ముందుకే నడుస్తుంది. జర్మన్ సైన్యం దీన్ని యుద్ధరహస్యంగా దాచింది. అట్లాంటిక్‌కు అవతల, 1938లో, జనరల్ ఎలక్ట్రిక్‌లో కాథరీన్ బ్లాడ్జెట్ సబ్బులాంటి పదార్థాన్ని 44 పొరలుగా గాజు మీద పేర్చి అదే ఫలితం సాధించింది. అయితే ఆ పొర మెత్తన, తుడిస్తే పోయేది.

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం జెనాకు చేరింది. ఆ ఊరు సోవియట్ల వాటాకు పోతుందని వాళ్లకు తెలుసు. వెళ్లిపోయేముందు జైస్ నుంచీ, పక్కనున్న షాట్ గాజు కంపెనీ నుంచీ ఎనభైకి పైగా నిపుణుల్ని కుటుంబాలతో సహా పశ్చిమానికి తీసుకుపోయింది. తర్వాత వచ్చిన సోవియట్లు యంత్రాలను విప్పి తీసుకుపోయారు, మిగిలిన నిపుణుల్లో కొందర్నీ తీసుకుపోయారు. పశ్చిమాన ఒబర్‌కోఖెన్ అనే చిన్న ఊళ్లో ఇంకో జైస్ పుట్టింది. స్మకులా అమెరికా చేరి, ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. పొర రహస్యం బయటపడి, మామూలు వేటగాడి చేతికి అందింది ఈ పంపకాల తర్వాతే. 1950ల నుంచి జర్మన్, ఆస్ట్రియన్ కంపెనీల 8×56లు రాత్రికి నిజంగా పనికొచ్చే వస్తువులయ్యాయి. జలాంతర్గాముల పెరిస్కోపులకూ ఫిరంగుల గురికీ దాచుకున్న విద్య, బంగాళదుంపల చేనులో పంది ఆడదో మగదో తేల్చే పనికి దిగింది. నా మటుకు నాకు ఇది దిగజారడంలా అనిపించదు.

కేటలాగుల్లో ఇంకో అంకె కనిపిస్తుంది, ట్విలైట్ ఫ్యాక్టర్. రెట్లనూ లెన్స్ వెడల్పునూ గుణించి వర్గమూలం తీస్తారు. 8×56కి 21 పైచిలుకు వస్తుంది. 16×50కి 28 వస్తుంది. అంకె పెద్దది కాబట్టి రెండోదే మేలని అనిపిస్తుంది. కాని 50ని 16తో భాగించి చూడండి, వెలుగు కడ్డీ 3 మిల్లీమీటర్లే. బాగా విచ్చుకున్న కనుపాపకు, మొదటి దానిలో కనిపించే ప్రకాశంలో ఐదో వంతు. సంధ్య తొలి ఘడియల్లో, ఇంకా కాస్త వెలుగున్నప్పుడు, ఆ పెద్ద అంకెకు అర్థం ఉంది. చీకటి చిక్కబడ్డాక లేదు. పైగా గాజు మంచిదా చెడ్డదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా రాదు. సీసా అడుగుతో చేసిన స్కోపుకైనా అదే మార్కు పడుతుంది.

లెక్కలో రాని మరొకటి, చూసేవాడి కన్ను. వయసు పైబడే కొద్దీ కనుపాప అంతగా విచ్చుకోదు. అరవై దాటినవాళ్లలో చాలామందికి 5 మిల్లీమీటర్లు గగనం. తాతకు 8×56 కొనిపెడితే అందులో వెలుగు సగం ఆయన కంటి బయటే ఆగిపోతుంది. కన్ను కాస్త పక్కకు జరిగినా దృశ్యం నల్లబడకుండా ఉండటం ఒక్కటే ఆయనకు మిగిలే లాభం. అదేం చిన్నది కాదులెండి. ఇక రంగుల సంగతి: చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ల క్రితమే గమనించాడు, పగలు ఎర్రగా మెరిసే పూలు తెల్లవారుజామున ఆకుల కన్నా నల్లగా కనిపిస్తాయని. చీకట్లో కన్ను ఎరుపును వదిలేసి నీలివైపు ఒరుగుతుంది. అందుకే లెన్స్ పూత పగటికి ఏ రంగును బాగా పోనివ్వాలి, రాత్రికి ఏ రంగును అన్నది తయారీదారులు విడివిడిగా చూసుకుంటారు. గురిగీతల్లో వెలిగే చుక్క ఎర్రగా ఉండటానికి కారణమూ ఇదే. ఎరుపు చీకటి చూపును చెడగొట్టదు. ఆ చుక్క రాకముందు జర్మన్లు మూడువైపులా దుడ్డుకర్రల్లాంటి లావు గీతలు పెట్టుకున్నారు. వెంట్రుకవాసి గీత పగలు ముద్దొస్తుంది, రాత్రి మాయమవుతుంది.

గురిపోటీలవాళ్ల లోకం దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లకు కావలసినంత వెలుగుంటుంది, లక్ష్యం కదలదు, అదేమిటో ముందే తెలుసు. కాబట్టి ముప్పై, నలభై రెట్ల స్కోపులు పెట్టుకున్నా నష్టం లేదు. ఒలింపిక్స్ వాళ్లకైతే అసలు స్కోపే లేదు. 2012 లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం గెలిచింది చిన్న రంధ్రంలోంచి చూసి. అక్కడ పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అంతకుముందు ఇక్కడి మంచెల మీద రాత్రుళ్లు గడిపినవాళ్లలో చాలామందికి స్కోపు లేదు, టార్చి ఉండేది. రుద్రప్రయాగలో 1918 నుంచి 1926 దాకా నూట పాతిక మందిని చంపిన చిరుతపులి కోసం జిమ్ కార్బెట్ చివరి రాత్రి మామిడిచెట్టు మీద కూర్చున్నప్పుడు అతని దగ్గరున్నదీ రైఫిల్‌కు బిగించిన టార్చే. కింద మేక మెడలో గంట మోగింది. మీట నొక్కితే వెలుగు చిరుత భుజం మీద పడింది, ట్రిగ్గర్ నొక్కాడు, టార్చి ఆరిపోయింది. గుండు తగిలిందో లేదో తెలియదు. మేక బతికే ఉందని మాత్రం గంట చెబుతోంది. చంద్రుడు పొడిచాక కొమ్మలెక్కి చూశాడు, ఏమీ కనబడలేదు. తెల్లవారాక దిగి, నెత్తురు చారల వెంట కొంచెం దూరం నడిచాడు. గుంటలో పడి ఉన్నది మూతి నెరిసిన ముసలి చిరుత.