ప్లీడరు చూసినాకే అడ్వాన్సు

మంట దగ్గరికి జరగండి పిల్లోళ్లారా, ఈ పొద్దు భూమి ముచ్చట చెప్తా. మీ చిన్నాయన రోడ్డు పక్క చేనును ప్లాట్లు వేయిస్తానని ఆత్రపడతా ఉన్నాడు. వేయించనీ, తప్పేం లేదు. అయితే ఈ సీమలో భూమి నడిచివచ్చిన దోవ తెలుసుకోకుండా రాళ్లు పాతితే ఇంటిల్లిపాదీ కోర్టు మెట్లెక్కాల్సి వస్తాది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకే జిల్లాలో పెరిగినా భూమి లెక్కలో మూడిటిదీ ఒకే కత కాదు. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉన్నింది. అక్కడ రైతు శిస్తు ఎక్కువగా నేరుగా సర్కారుకే పోయేది. పుంగనూరుది జమీను. కుప్పం కంగుంది జమీను కింద ఉన్నింది. 1948లో మద్రాసు సర్కారు ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చినాక సెటిల్మెంటోళ్లు వచ్చి సాగుదార్లకు రైత్వారీ పట్టాలిచ్చినారని మా నాయన చెప్పేవాడు. చెరువులు, బాటలు, మేత బీళ్లు సర్కారు పరమైనాయి. అయినా జమీందారు కాలం రసీదు ఒకటి చూపించి బీడు భూమి అమ్మజూసినోళ్లను నేను కండ్లారా చూసినా.

నా వయసు కాలంలో ఏ సర్వే నంబరు యాడ మొదలై యాడ ముగుస్తాదో కరణం నోటితోనే చెప్పేసేవాడు. 1984 జనవరిలో ఎన్టీఆర్ సర్కారు కరణం, మునసబు కొలువులు రద్దు చేసింది. పెత్తనం పోయింది, మంచిదే. కాకపోతే రైతు చేతిలో కాగితం మిగిలె, దాన్ని చదివిపెట్టే మనిషి లేకపోయె. అప్పుడే మదనపల్లె కోర్టులో ఒక ముసలి ప్లీడరు దగ్గరికి పోవడం నాకు అలవాటైంది.

ఆయన పని తీరు చెప్తా, బాగా వినండి. భూమి మాట ఎత్తగానే ధర అడిగేవాడు కాదు. పట్టా ఎట్లా వచ్చిందని అడిగేవాడు. సెటిల్మెంటు రిజిస్టరు నకలు, అడంగలు, ఎఫ్ఎంబీ కొలతల పటం, ముప్పై ఏండ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజులు అన్నీ బల్ల మీద పరచమనేవాడు. అన్నదమ్ముల భాగపరిష్కారం జరిగిందా, ఆడబిడ్డలు సంతకం పెట్టినారా అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. డీకేటీ పట్టా, అంటే సర్కారు పంచిన అసైన్డు భూమి అని తేలితే ఫైలు మూసి చేతికిచ్చేసేవాడు. అట్లాంటి భూమిని అమ్మడానికి 1977 చట్టం ఒప్పుకోదు. 2023లో ఇరవై ఏండ్లు దాటినవాటికి సడలింపు ఇచ్చినా, మరుసటేడు సర్కారు మారి ఆ రిజిస్ట్రేషన్లను ఆపి విచారణకు పెట్టింది. ఆ సడలింపు మాట వినే తొందరపడి కొన్నోళ్ల గతి ఏమైందో మీరే చూసినారు కదా.

కాగితాలన్నీ సరిపోయినాక చేనికి వచ్చేవాడు. వంక ఏ పక్క పోతాది, చెరువుకు నీళ్లు ఏ కాలవలో వస్తాయి అని గొర్రెలు మేపేవాళ్లను అడిగేవాడు. మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండి మరవ పారితేనే కింద దానికి నీళ్లు. మన బంధువు ఒకాయన వంక పూడ్చి వేసిన ప్లాటు కొన్నాడు. సర్పంచి సంతకం ఉంది కదా అనుకున్నాడు. గట్టి వాన పడిన ఏడు పునాది దాకా నీళ్లొచ్చె. ఇంటి ప్లాను పాసు కాలేదు, బ్యాంకు అప్పియ్యలేదు. అమ్మినాయన అప్పటికే ఊరు దాటినాడు.

అనుమతి అంటే ఆఫీసోళ్లు మనకు చేసే మేలు అనుకోవద్దు. పంచాయతీ లేఅవుట్లకు 2002లోనే నియమాలు వచ్చినాయి. 2017 నియమాల ప్రకారం లేఅవుట్లో నియమం చెప్పినంత వెడల్పు రోడ్డు ఉండాల, నూటికి పది వంతులు ఖాళీ జాగా వదలాల. పనులు ముగిసేదాకా నూటికి పదిహేను వంతుల ప్లాట్లు తాకట్టు పెట్టాల. పెద్ద చెరువుకు ముప్పై మీటర్లు, చిన్న కుంటకు తొమ్మిది మీటర్లు ఎడం ఇయ్యాల. వీటిలో ఏది తప్పినా రేపు అక్కడ కాపురముండే పిల్లోళ్లకే నష్టం.

2019లో పలమనేరు, కుప్పం, మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినాక దాని హద్దులోని పల్లె చేనుకు కూడా ఆ సంస్థ ఆమోదం కావాల. సాగు భూమిని వేరే వాడకానికి మార్చుకోవడానికి 2006లో వచ్చిన నాలా చట్టాన్ని 2025లో రద్దు చేసినారు. దాంతో లేఅవుట్ అనుమతి కూడా అక్కర్లేదని చెప్పే బ్రోకర్లు తిరగతా ఉన్నారు, నమ్మొద్దండి. ఆ చట్టం పోయినా అనుమతి అట్లే ఉంది, దానికి కట్టాల్సిన రుసుమూ ఉంది.

ఇంకొక మాట. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినాయి. కేసు సీఐడీ దాకా పోయింది. అందుకే ప్రతి కాగితానికీ సర్టిఫైడ్ నకలు తీసి ఇంట్లో పెట్టుకోవాల.

ప్లీడరుకు ఇచ్చుకోలేని బీదోళ్లు ఏం చేయాలని అడుగుతారేమో. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయం చూడకుండానే ఉచిత న్యాయ సాయం ఇస్తారు. తక్కువ రాబడి ఉన్నోళ్లకూ ఇస్తారు. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీని అడిగితే దరఖాస్తు రాసుకుంటారు. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు, అది మన హక్కు.

బెంగళూరు దుడ్లు వచ్చి మన చేన్ల ధర పెంచినాయి, ఆశ కూడా పెంచినాయి. మీ చిన్నాయనకు పోయి చెప్పండి: గలాటా వచ్చినాక ప్లీడరు దగ్గరికి పరుగెత్తడం కాదు, అడ్వాన్సు తీసుకోకముందే కాగితాలు ఆయనకు చూపించి, పటం ఆమోదమైనాకే రాళ్లు పాతమనండి. మీరు కొనేటప్పుడు కూడా అంతే, అనుమతి నంబరు చూపియ్యనోడికి ఒక్క రూపాయి కూడా ఇయ్యొద్దండి.