చక్కెర లెక్క – తండా లెక్క

నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటితో పండే చెరకు కోసం 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ప్రాంత ప్రగతిని చెరకు టన్నుల్లో, చక్కెర బస్తాల్లో లెక్కగట్టారు. ఆ లెక్కలో తండా కనిపించదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరాకే, 1981 జనగణనలో వారి చదువు గిరిజనుల లెక్కలోకి వచ్చింది.

ఆదాయంతో పాటు ఆయుష్షును, చదువును కూడా కొలవాలని 1990లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. అయినా సగటు అంకె తేడాలను దాస్తుంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. గిరిజనుల్లో 49 శాతమే.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. తండా లెక్కను ఇక మనమే రాసుకోవాలి. పదో తరగతి దాటిన ఆడపిల్లలు ఎందరు? పెద్దలతో కూలికి వలసపోయి బడి మానినవారు ఎందరు? కాన్పుకు దవాఖాన ఎంత దూరం? యువకులు, ఉపాధ్యాయులు కలిసి ఏటా రాసిపెడితే, అధికారుల ముందు అదే మన ఆధారం; రేపటి పిల్లలకు అదే మన చరిత్ర.