గోదావరి డెల్టా: సేద్యపు కాలువ, జలమార్గం

నారాయణఖేడ్ ప్రాంతపు నీరు మంజీర ద్వారా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. అదే గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి డెల్టాను ఏర్పరచింది. ఎగువన మెట్ట, దిగువన మాగాణి అన్న భేదం కేవలం ప్రకృతిసిద్ధం కాదు. ఆనకట్టకు పూర్వం డెల్టా సైతం కరవులకు, తుపానులకు గురైంది; 1832–33 నాటి నందన కరవు, 1839 నాటి కోరంగి తుపాను అందుకు నిదర్శనాలు.

1847–52 మధ్య ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్ట కాలువలు సేద్యంతో పాటు రవాణాకూ ఉద్దేశించినవి. లాకుల గుండా సాగే పడవలపై ధాన్యం కాకినాడ, నరసాపురం రేవులకు చేరేది. ఏలూరు వద్ద గోదావరి, కృష్ణా కాలువలు కలియగా, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు వరకు జలమార్గం ఏర్పడింది. 1900లో రాజమండ్రి వద్ద రైలు వంతెన ప్రారంభమైన తరువాత పడవ రవాణా క్రమంగా క్షీణించి, కాలువ సేద్యానికే పరిమితమైంది.

కనుక డెల్టా సౌభాగ్యాన్ని ఎకరాలతోనే కొలిస్తే, పంటను విపణికి చేర్చిన జలమార్గాల పాత్ర మరుగునపడుతుంది. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగిన సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలను అధ్యయనం చేసేవారు సైతం నీటి లెక్కతో పాటు పంట వెళ్ళే దారిని కూడ పరిశీలించవలసి ఉన్నది.