ఉన్మాదము ఒకటియా, రెండా?

తాడేపల్లిగూడెమున నున్న మా మేనత్త కుమారుడు కొంతకాలము క్రిందట రాత్రులు నిద్రమాని, తాను రాజ్యము లేల బుట్టితినని పలుకుచు, చెవిలో నెవరో మాటలాడుచున్నారని భయపడసాగెను. ఇంటివారు మొదట తాయెత్తు కట్టించిరి. పిమ్మట పెండ్లి చేసిన కుదురునని తలచిరి. ఏలూరి వైద్యుడొకడు స్కిజోఫ్రీనియా యనెను. ఏడాదికి వేరొకడు బైపోలార్ వ్యాధి యనెను. “వైద్యులకే తెలియనప్పుడు మందెందుకురా?” అని అత్తయ్య మందు మాన్పించినది. ఆ ప్రశ్నకు సమాధానము చరిత్రయందున్నది.

ఉన్మాదమునకు భేదములు గలవని మన పూర్వులెరుగుదురు. చరకసంహిత దానిని వాత, పిత్త, కఫ, సన్నిపాత, ఆగంతుకములని యైదుగా విభజించినది. 1899లో జర్మను వైద్యుడు క్రెపెలిన్ వేరొక మార్గము త్రొక్కెను. నేటి లక్షణమునే గాక, రోగము సంవత్సరముల తరబడి యెట్లు నడచునో చూడవలెనని యాయన మతము. ఉద్రేకమును విషాదమును వచ్చి పోవుచు, నడుమ మనుష్యుడు తేరుకొనునది యొకటి; బుద్ధి క్రమముగా క్షీణించునది రెండవది. ఈ రెండవదానికి 1908లో స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా యని పేరిడి, అది యెల్లరియందును క్షీణతకే దారితీయదని చెప్పెను.

కొల్లేటి నెరిగినవారికిది సుబోధము. బుడమేరు, తమ్మిలేరు పొంగినపుడు చూచినవాడు దానిని సముద్రమనును. నడివేసవిలో చూచినవాడు బీడనును. ఏడాది పొడుగున చూచినవాడే సరస్సని చెప్పగలడు.

అయినను ఈ రెండింటి నడిమి గట్టు దృఢమైనది కాదు. 1933లో అమెరికాలో కాసానిన్ రెంటి లక్షణములును గల రోగులను వర్ణించి, స్కిజోఎఫెక్టివ్ అను పేరు వాడెను. న్యూయార్కు వైద్యులు స్కిజోఫ్రీనియా యను మాటను లండను వైద్యులకంటె మిక్కిలి విశాలార్థమున వాడుచుండిరని 1972లో ప్రకటితమైన పరిశోధనమున తేలెను. సముద్రము దాటినంత రోగి మారడు, పేరు మారెను.

పేరుతో పనియేమి యందురా? 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు కేడ్ లిథియము ఉద్రేకము నణచునని ప్రకటించెను. బైపోలార్ వ్యాధి తిరుగబెట్టకుండ కాపాడుటకు అది నేటికిని ముఖ్యౌషధము; స్కిజోఫ్రీనియాకు ప్రధానౌషధములు వేరు. రెంటిని వేరుచేయు రక్తపరీక్ష మాత్రము నేటికిని లేదు. ఉద్రేకము తగ్గి మనసు నిలుకడగా నున్న దినములలో గూడ ఆ మాటలు వినబడుచున్నవా? ఇది వైద్యుడడుగవలసిన ప్రశ్న, చెప్పవలసినవారు ఇంటివారు.

మేమొక నోటుపుస్తకము తెచ్చి, నిద్రపోయిన గంటలు, పలికిన మాటలు, మౌనముగా నున్న దినములు వ్రాయుమని అత్తయ్యకిచ్చితిమి. రెండవ వైద్యుడు మొదటివానికంటె గొప్పవాడు గాడు. ఒక యేడు అధికముగా చూచినవాడు. ఇది గ్రహించిన పిదప ఆమె మరల మందిప్పించుచున్నది. పెండ్లిమాట మానినది. రోగమును దాచిన యింట చరిత్ర యుండదు. చరిత్ర లేనిచోట వైద్యుడు చీకటిలో తడవులాడును.